వలస కాలపు కమ్మరి: వర్జీనియాలో, మన కోస్తాలో

#1 | రిచ్‌మండ్_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి నాలుగో తరగతి. వర్జీనియాలో ఈ తరగతికి రాష్ట్ర చరిత్ర ఉంటుంది, జేమ్స్‌టౌన్ (ఇంగ్లీషువాళ్లు అమెరికాలో నిలదొక్కుకున్న మొదటి కాలనీ), విలియమ్స్‌బర్గ్ (కాలనీ నాటి రాజధాని, ఇప్పుడు పాతకాలపు పనులు చేసి చూపించే మ్యూజియం ఊరు) అన్నీ అందులోవే. ఒక్కొక్కరికి ఒక్కో వృత్తి ప్రాజెక్టుగా ఇచ్చారు, మావాడికి కమ్మరి వచ్చింది. వర్క్‌షీట్‌లో మొదటి వాక్యమే "కాలనీలో అందరికన్నా ముఖ్యమైన మనిషి కమ్మరి" అని ఉంది. కింద బొమ్మ: గడ్డం ఉన్న తెల్లాయన, తోలు ఏప్రన్, చేతిలో గుర్రపు లాడం.

ఆ మాట నిజమేనా, లేక ప్రతి వృత్తికీ అదే వాక్యం రాస్తారా? వీడియో కాల్‌లో వాళ్ల తాతయ్య ఇంకో ప్రశ్న వేశారు: "మన ఊళ్లో కమ్మరికి కళ్లంలో గింజలు కొలిచేవాళ్లం, అక్కడ ఏమిచ్చేవాళ్లు?" వాడు నా వైపు చూశాడు, నేను మీ వైపు చూస్తున్నాను.

#2 | నిద్రపట్టనివాడు

మా అమ్మాయికి పోయినేడు కొవ్వొత్తులు చేసేవాళ్లు వచ్చారు. అందులోనూ అదే వాక్యమండీ.

#3 | పాతకాగితం

అక్కా, జేమ్స్‌టౌన్‌లోనే దీనికి సరిపోయే ఉదంతం ఉంది. 1607 మేలో అక్కడ దిగినవాళ్లు సుమారు వంద మంది. వాళ్లలో సగం దాకా "జెంటిల్‌మెన్", చేత్తో పని చేసే అలవాటు లేని పెద్దమనుషులు. జాబితాలో కమ్మరి ఒక్కడే, పేరు జేమ్స్ రీడ్. ఆ ఏడాది చివర్లో కాలనీ అధ్యక్షుడు జాన్ రాట్‌క్లిఫ్ ఇతన్ని కొట్టాడు, ఇతను తిరిగి కొట్టాడు. అధికారి మీద చెయ్యి ఎత్తినందుకు రీడ్‌కి ఉరిశిక్ష వేశారు. నిచ్చెన ఎక్కాక "అధ్యక్షుడితో ఏకాంతంగా ఒక మాట చెప్పాలి" అని అడిగి, జార్జ్ కెండల్ అనే సభ్యుడు కుట్ర చేస్తున్నాడని చెప్పి తను బయటపడ్డాడు. కెండల్‌ని కాల్చి చంపారు. ఉన్న ఒక్క కమ్మరినే ఉరి తీయబోయారంటే, ఆ రోజు కోపంలో అతను ముఖ్యమైన మనిషి అన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మనిషి సంగతి ఎలా ఉన్నా, ఇనుము మాత్రం ప్రాణంతో సమానం. 1608లో వచ్చిన ఓడల నావికులు, సైనికులు కలిసి గొడ్డళ్లు, ఉలులు, పారలు దొంగచాటుగా స్థానిక పౌహాటన్ ప్రజలకు అమ్ముకున్నారు. ఆరేడు వారాల్లో రెండు మూడు వందల పనిముట్లలో ఇరవై కూడా దొరకని పరిస్థితి వచ్చిందని వాళ్లే రాసుకున్నారు.

ఇక మేకులు. పొగాకు నేలను పీల్చేస్తుంది. కొన్నేళ్లు పండించాక రైతు ఆ పొలం వదిలి కొత్త నేలకు పోయేవాడు. పోతూ పాత ఇంటికి నిప్పుపెట్టి, బూడిదలోంచి మేకులు ఏరి పట్టుకెళ్లేవాడు. 1645లో వర్జీనియా చట్టసభ దీన్ని ఆపడానికి చట్టమే చేసింది: ఇల్లు తగలబెట్టొద్దు, అందులో ఎన్ని మేకులు పట్టి ఉంటాయో ఇద్దరు మధ్యవర్తులు అంచనా వేస్తారు, అన్ని మేకులు నీకు ఇప్పిస్తాం అని.

ఇనుము అక్కడే తీయాలని ముందే ప్రయత్నించారు. 1619లో మొదలైన ఫాలింగ్ క్రీక్ కార్ఖానా మీ రిచ్‌మండ్ పక్కనే, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో ఉండేది. ఇంగ్లండ్‌లో బొగ్గుకు కలప తగ్గుతోంది, ఇక్కడ అడవి అంతులేకుండా ఉంది, అదీ ఆశ. 1622 మార్చి 22న పౌహాటన్లు ఆ ప్రాంతమంతా ఒకేసారి దాడి చేసినప్పుడు దాన్ని నడుపుతున్న జాన్ బెర్క్లీ, పనివాళ్లలో చాలామంది చనిపోయారు, కార్ఖానా పోయింది. వర్జీనియాలో మళ్లీ ఇనుప కొలుములు నిలదొక్కుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

#4 | లెక్కలమాస్టారు

పాతకాగితం గారు బాగా చెప్పారు, కానీ ఇది వింటే ప్రతి గొడ్డలీ ఊరి కొలిమిలోనే పుట్టిందనిపిస్తుంది. అలా కాదు. వర్జీనియాలో వాడిన పనిముట్లలో పెద్ద భాగం ఇంగ్లండ్‌లో చేసినవి. పొగాకు పట్టుకెళ్లిన ఓడ పారలు, గొడ్డళ్లు, తాళాలు, మేకులు వేసుకుని తిరిగొచ్చేది. పెద్ద తోటల యజమానులు లండన్ వ్యాపారికి జాబితా రాసి పంపేవాళ్లు, అతను వాళ్ల పొగాకు అమ్మి ఆ లెక్కలో సరుకు కొని పంపేవాడు. ఆఖరికి కమ్మరి వాడే దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) కూడా ఇంగ్లండ్ నుంచి దిగినదే.

కమ్మరి రోజువారీ పని చాలావరకు మరమ్మతు. విరిగిన పార అతికించడం, అరిగిన కర్రు సాగగొట్టడం, తాళానికి కొత్త చెవి. అందుకే "అందరికన్నా ముఖ్యమైన మనిషి" అంటే నేను ఒప్పుకోను. కమ్మరులు కూడా పొగాకులో డబ్బుందని పని వదిలేసి సేద్యంలోకి పోయేవాళ్లు. పొగాకు వేయకుండా తన వృత్తే చేసుకునేవాడికి పన్ను మినహాయిస్తామని 17వ శతాబ్దంలో చట్టసభ ఆశ చూపాల్సి వచ్చింది. వాళ్లకంత గౌరవం, రాబడి ఉంటే ఆశ చూపే పనేముంది?

తాతయ్య గారి ప్రశ్నకు: నాణేలు చాలా తక్కువ. కమ్మరి దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. పని చేసినప్పుడల్లా రాసుకోవడం, పంట చేతికొచ్చాక తీర్చుకోవడం. తీర్చేది ఎక్కువగా పొగాకుతోనే. అక్కడ పొగాకే ద్రవ్యం. 1696 చట్టం ప్రకారం చర్చి పాస్టరు జీతం కూడా ఏడాదికి 16,000 పౌండ్ల పొగాకు. బాకీ తీర్చకపోతే కౌంటీ కోర్టుకు పోయేవాళ్లు.

#5 | కొలిమిగడ్డ

మాది జగిత్యాల దగ్గర. తాత, నాన్న కమ్మరి పనే. నేను హైదరాబాద్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతా. మాస్టారూ, "మరమ్మతే కదా" అన్నరు చూడండి, ఆ మాట దగ్గర ఆగాలి.

అప్పటి ఇనుము మెత్తనిది. వంగుతుంది, తొందరగా విరగదు, కానీ పదును నిలవదు. ఉక్కుకు పదును నిలుస్తుంది, కానీ ఖరీదు ఎక్కువ. అందుకే గొడ్డలి మొత్తం ఇనుముతో మడిచి, అంచులో మాత్రం చిన్న ఉక్కు బద్ద ఇరికించి కొలిమిలో అతికేవాళ్లు. ఏడాది రెండేళ్లు వాడితే ఆ ఉక్కు అరిగిపోతుంది. మళ్లీ కమ్మరి దగ్గరికి వస్తే కొత్త ఉక్కు అతికి ఇస్తాడు. దాన్ని మరమ్మతు అనే అంటారు, కానీ కొత్త గొడ్డలి చేయడంలో ఉన్న కష్టమైన పని అంతా అందులోనే ఉంది.

అతుకు ఎట్లా పడుతుందో చెప్తా. రెండు ముక్కలూ పసుపు దాటి తెలుపులోకి రావాలి. మీద ఇసుక చల్లుతారు, అది కరిగి తుప్పు పొరను కడిగేస్తుంది. ఆ తెలుపులోంచి రవ్వలు ఎగరడం మొదలైతే ఇనుము కాలిపోతున్నట్టు లెక్క. ఆ రెంటి మధ్య ఉన్న క్షణంలో బయటికి తీసి, దాగలి మీద పెట్టి, రెండు మూడు దెబ్బల్లో పని అయిపోవాలి. ఉక్కుకు ఇనుము కన్నా తక్కువ వేడి చాలు, ఎక్కువైతే పాడవుతుంది. రెండింటినీ ఒకే మంటలో పెట్టి ఒకే క్షణానికి సిద్ధం చేయాలి. థర్మామీటర్ లేదు, రంగే కొలత. ఏ దేశంలో చూసినా కొలిమి చీకట్లో ఉండేది అందుకే, ఎండలో రంగు తెలవదు.

తర్వాత పదును పెట్టడం. ఎర్రగా ఉన్న అంచును నీళ్లల్లో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే అంచు మీద ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం పరుగెడతాయి. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర ఆపాలో చేయి తిరిగినవాడికే తెలుస్తుంది. ఇంగ్లండ్ నుంచి ఓడలో గొడ్డలి తెప్పించుకోవచ్చు మాస్టారూ, ఇది తెప్పించుకోలేరు. కర్రు విరిగితే దున్నకాలం లోపల మళ్లీ ఓడ రాదు.

ఇంకోటి అక్కా, ఆ బొమ్మలో లాడం తీసేయమనండి. నాలుగేండ్ల కింద విలియమ్స్‌బర్గ్‌కు పోయినప్పుడు అక్కడి కమ్మరే చెప్పిండు: ఆ తీరప్రాంతం నేల ఇసుక నేల, చాలా గుర్రాలకు లాడాలే కొట్టించేవాళ్లు కాదట. రాళ్ల నేలలు, గట్టి రోడ్లు ఉన్న చోటే ఆ అవసరం ఎక్కువ.

#6 | లెక్కలమాస్టారు

కొలిమిగడ్డ గారు, నైపుణ్యం లేదని నేననలేదు. మార్కెట్లో అతనికి దక్కిన విలువ గురించి అన్నాను.

#7 | కొలిమిగడ్డ

ఆ విలువ కట్టేది ఎవరు మాస్టారూ, పార విరిగినవాడా, పార కొన్నవాడా? తోట యజమాని లండన్ నుంచి తెప్పించుకుంటడు. పక్కన యాభై ఎకరాల రైతుకు లండన్ వ్యాపారి ఎవరో తెలియదు.

#8 | రిచ్‌మండ్_అమ్మ

ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. మావాడు రంగుల సంగతి విని, గడ్డిరంగు ఏ పెన్సిలో వెతుకుతున్నాడు. బొమ్మ గురించి ఇంకో అనుమానం. తెల్లాయన అని అన్నాను కదా. పెద్ద తోటల్లో సొంత కొలుములు ఉండేవని ఎక్కడో చదివాను. అక్కడ సుత్తి పట్టింది ఎవరు?

#9 | చెట్టునీడ

అక్కా, ఈ ప్రశ్న మొదటి పోస్టులోనే వస్తుందనుకున్నాను. వర్జీనియా, మేరీల్యాండ్, కరోలినాల్లో కొలిమి పనిలో బానిసలుగా ఉన్న నల్లవాళ్లు చాలామంది. ఇనుము కరిగించే కార్ఖానాలు కూడా చాలావరకు వాళ్ల మీదే నడిచాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఇనుము కరిగించడం, కొలిమి పని ఎంతో పాతవి, కాబట్టి ఆ పని తెలిసిన చేతులూ ఆ ఓడల్లో వచ్చాయి.

విలియమ్స్‌బర్గ్‌లో జేమ్స్ ఆండర్సన్ అనే కమ్మరి ఉండేవాడు. 1766 నుంచి వర్జీనియా ప్రభుత్వానికి ఆయుధాలు బాగుచేసే పని అతనిదే. స్వాతంత్ర్య యుద్ధం రాగానే ఆ చిన్న షాపు పెద్ద కర్మాగారమైంది. అందులో తెల్ల పనివాళ్లు, ఫ్రెంచ్ తుపాకీ పనివాళ్లు, బానిసలు, అప్రెంటిస్ పిల్లలు అందరూ పనిచేశారు. 1780లో రాజధాని రిచ్‌మండ్‌కు మారితే అదీ మారింది.

మాంటిసెల్లో చూడండి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ తోట అది, 1794లో అక్కడ మేకుల కొలిమి పెట్టాడు. పనివాళ్లు పది నుంచి పదహారేళ్ల బానిస పిల్లలు, మీ అబ్బాయి ఈడు వాళ్లు, ఇంకాస్త పెద్దవాళ్లు. రోజుకు 8 నుంచి 10 వేల మేకులు తీసేవాళ్లు. జెఫర్సన్ ఒక్కో పిల్లవాడికి ఎంత ఇనుప కడ్డీ తూచి ఇచ్చాడో, ఎన్ని మేకులు వచ్చాయో, ఎంత వృథా అయిందో పేరుపేరునా పట్టికలో రాశాడు. స్వేచ్ఛ గురించి రాసిన చేత్తోనే.

అక్కడే పెరిగిన జో ఫాసెట్ మాంటిసెల్లో పెద్ద కమ్మరి అయ్యాడు. జెఫర్సన్ 1826లో చనిపోతూ వీలునామాలో ఇతనికి విముక్తి రాశాడు. అతని భార్య ఈడిత్‌కు, పిల్లలకు రాయలేదు. 1827 జనవరిలో జరిగిన వేలంలో వాళ్లను అమ్మేశారు. ఫాసెట్ తర్వాత ఏళ్ల తరబడి సంపాదించి తన కుటుంబంలో కొందరిని విడిపించుకున్నాడు.

#10 | నిద్రపట్టనివాడు

1794, 1826 కాలనీ కాలం కాదు కదండీ. దేశం వచ్చేసింది.

#11 | చెట్టునీడ

తెల్లవాళ్లకు వచ్చేసింది. మేకులు కొట్టే పిల్లవాడికి 1775కీ 1795కీ మారిందేమిటో చెప్పండి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, ఇది అక్క వాళ్ల ఊరి సంగతే. రిచ్‌మండ్ పక్కన హెన్రైకో కౌంటీలో థామస్ ప్రాసర్ తోటలో గేబ్రియల్ అనే కమ్మరి ఉండేవాడు. చదవడం వచ్చు. యజమాని అతన్ని రిచ్‌మండ్‌లో కూలికి పంపేవాడు, అందుకే ఊళ్లన్నీ తిరిగాడు, నలుగురితో మాట్లాడాడు, చేతిలో కొంత డబ్బూ ఆడింది. పొలంలో పనిచేసే బానిసకు ఆ తిరుగుడు ఉండదు. 1800లో అతను తిరుగుబాటుకు సిద్ధమయ్యాడు. అన్న సాలమన్ కూడా కమ్మరే. గడ్డి కోసే పొడుగు కత్తుల్ని రెండుగా విరిచి యుద్ధ కత్తులు చేశారు. ఆగస్టు 30న లేవాలనుకున్నారు. ఆ సాయంత్రం కుండపోత వాన పడి వంతెనలు కొట్టుకుపోయాయి, ఈలోగా ఇద్దరు యజమానికి చెప్పేశారు. అక్టోబర్ 10న గేబ్రియల్‌ని ఉరి తీశారు, మొత్తం 26 మందిని. తర్వాత బానిసల రాకపోకల మీద, వాళ్లను కూలికి పంపడం మీద వర్జీనియా కట్టుదిట్టాలు పెంచింది.

కమ్మరి ముఖ్యమైన మనిషా అని వర్క్‌షీట్ అడుగుతోంది. ప్రభుత్వం అతన్ని చూసి భయపడింది అని రాయమనండి.

#12 | పాతకాగితం

భయం అనేసరికి గుర్తొచ్చింది. స్థానిక జాతుల వైపు నుంచి చూస్తే కమ్మరి ఇంకా పెద్ద విషయం. ఒకసారి ఇనుప గొడ్డలి, తుపాకీ అలవాటయ్యాక అవి పాడైతే బాగుచేసేవాడు కావాలి. మసాచుసెట్స్ 1630ల నుంచే ఇండియన్ల (అంటే అమెరికా స్థానిక జాతుల) తుపాకులు బాగుచేయకూడదని చట్టాలు చేసింది. ఇటు న్యూయార్క్‌లో హాడెనోషోనీ సమాఖ్య, అంటే ఇరాక్వా జాతులు, తమ ఊళ్లలో కమ్మరిని ఉంచమని గవర్నర్లను అడుగుతూనే వచ్చారు. ఫ్రెంచివాళ్లు కమ్మరిని పంపితే ఇంగ్లీషువాళ్లూ పంపాలి, లేకపోతే స్నేహం అటు పోతుంది. 1750ల్లో ఆ జాతుల వ్యవహారాలు చూసే ఇంగ్లీషు అధికారి విలియం జాన్సన్ ఆ ఊళ్లకు కమ్మరులను పంపేవాడు.

తర్వాత అమెరికా ప్రభుత్వం ఒప్పందాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1796లో క్రీక్ జాతితో కుదిరిన కోలరేన్ ఒప్పందంలో ఇద్దరు కమ్మరులను, సమ్మెట కొట్టే సహాయకులతో సహా, ఇస్తామని రాశారు. భూమి తీసుకుంటూ కమ్మరిని ఇవ్వడం.

#13 | గోదారోడు

ఆలస్యంగా వచ్చాను. మాది నరసాపురం. అందరూ కాలనీ అంటే అట్లాంటిక్ అవతలే అన్నట్టు మాట్లాడుతున్నారు, మా ఊరు సంగతి ఎవరూ ఎత్తరేం?

డచ్చివాళ్లు 1605, 1606 ప్రాంతంలో మచిలీపట్నం, నిజాంపట్నంలో దిగారు. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నం వచ్చారు. ఆ శతాబ్దంలోనే నరసాపురం, మాధవాయిపాలెం ఓడలు కట్టే చోట్లు. 1670ల్లో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు రాశాడు: అక్కడ టేకు బాగా దొరుకుతుంది, ఇనుము, ఉక్కు చౌక, ఓడకు కావలసిన మేకులు, బోల్టులు, లంగర్లు అక్కడి కమ్మరులే చేస్తారు, ఓడలు కట్టే మేస్త్రీలు దిట్టలు, ఇంగ్లీషు వర్తకులు చాలామంది ఓడలు అక్కడే కట్టించుకుంటారు అని. డచ్ కంపెనీ కోరమండల్ తీరం నుంచి గుడ్డలతో పాటు ఇనుము, ఉక్కు, మేకులు కూడా బటావియాకు (ఇప్పటి జకార్తా) పట్టుకెళ్లింది.

పైన పాతకాగితం గారు మేకుల కోసం ఇల్లు తగలబెట్టుకున్న సంగతి రాశారు. అదే శతాబ్దంలో మా వైపు నుంచి మేకులు ఎగుమతి అయ్యాయండీ.

#14 | లెక్కలమాస్టారు

గోదారోడు గారూ, మంచి పోలికే. కానీ అప్పుడు మీ ఊరు ఎవరి కాలనీ? గోల్కొండ సుల్తానులది. కంపెనీ అప్పటికి కొనుక్కుని పోయే వర్తకుడు మాత్రమే. నరసాపురం కమ్మరి తన సరుకును డచ్చివాడికి, ఇంగ్లీషువాడికి, అరబ్బుకు, ఎవరికైనా అమ్మగలడు. వర్జీనియాలో జేమ్స్ రీడ్ ఆ కాలనీ పెట్టిన వర్జీనియా కంపెనీ మనిషి. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది 1766లో. అసలు "వలస పాలనలో కమ్మరి" అక్కడి నుంచి మొదలవుతాడు.

#15 | గోదారోడు

సరే, అక్కడి నుంచే చెప్పండి మరి. వినడానికి నేను రెడీ.

#16 | లెక్కలమాస్టారు

చెబుతాను. 1795లో బెంజమిన్ హేన్ అనే కంపెనీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము కరిగించడం చూసి నివేదిక రాశాడు. కరువుకు ముందు అక్కడ చాలా కొలుములు ఉండేవనీ, పనివాళ్లు కలిగినవాళ్లనీ, బతికి బట్టకట్టినవాళ్లు ఇప్పుడు పేదవాళ్లనీ రాశాడు. 1790 నాటి కరువు ఆ జిల్లాలను ఎంత ఊడ్చేసిందో ఆ ఒక్క ఊరు చూస్తే తెలుస్తుంది.

అమెరికా కాలనీల కమ్మరి మీద కూడా లండన్ ఆంక్షలు పెట్టింది. 1750 ఇనుప చట్టం చెప్పేది ఇది: ముడి ఇనుము, కడ్డీలు ఎంతైనా మాకు పంపండి, సుంకం లేదు, కానీ మేకుల కడ్డీలు చీల్చే కొత్త మిల్లులు, రేకులు సాగగొట్టే యంత్ర సుత్తులు, ఉక్కు కొలుములు మీరు పెట్టకూడదు. కాలనీల వాళ్లు దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. 1775 నాటికి ఏడాదికి సుమారు 30 వేల టన్నుల ఇనుము తీస్తున్నారు, ప్రపంచ ఉత్పత్తిలో ఏడో వంతు అని చరిత్రకారుల అంచనా. ఆ తర్వాత తిరుగుబాటు చేసి విడిపోయారు. ఆ యుద్ధంలో యార్క్‌టౌన్‌లో 1781లో లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మన సర్కారు జిల్లాలకూ వచ్చింది.

మన కమ్మరికి అలాంటి చట్టం అవసరమే రాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చేతివృత్తుల మీద మొతర్ఫా పన్ను ఉండేది, 1860ల మొదట్లో గాని పోలేదు. ఇంగ్లండ్ నుంచి చౌక ఇనుప కడ్డీ వచ్చింది, రైలు వచ్చాక లోపలి ఊళ్లకూ చేరింది. 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు లేకుండా కత్తి, తుపాకీ చేయడం కుదరదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో బొగ్గు కాల్చుకోవడానికి అడవిలోకి ఇష్టం వచ్చినట్టు పోవడం కుదరదు. ఇనుము కరిగించేవాడు ఈ దెబ్బలన్నీ తిని మాయమయ్యాడు. కర్రు సాగగొట్టే ఊరి కమ్మరి మాత్రం మిగిలాడు. అతనికి ఇంగ్లీషు కడ్డీ చౌకగా దొరకడం ఒక రకంగా కలిసొచ్చింది కూడా.

#17 | కొలిమిగడ్డ

మాస్టారు ఈ పోస్టులో రాసినదానికి నా దండం. ఇటు తెలంగాణ ముక్క నేను కలుపుతా.

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం ఉంది. అక్కడ మట్టి మూసల్లో రెండు రకాల ఇనుము కలిపి పెట్టి, గంటల తరబడి కాల్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. 1820 ప్రాంతంలో హెచ్.డబ్ల్యు. వాయ్‌సీ అనే కంపెనీ భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడికి పోతే, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే పారశీక వర్తకుడు ఆ ఊళ్లోనే కూర్చుని ఉక్కు తూచి కొనుక్కుంటున్నడు. ఇరాన్ నుంచి మనిషి వచ్చి కోనసముద్రంలో మకాం పెట్టిండంటే ఆ సరుకు ఎట్లాంటిదో చూడండి. అంతకు ముందు 1660ల్లో థెవెనో అనే ఫ్రెంచ్ యాత్రికుడు ఇందల్వాయిలో చేసే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతా పోతాయని రాసిండు. ఇప్పటికీ మా దిక్కు చాలా ఊళ్ల బయట చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) దిబ్బలు ఉన్నయి.

దక్షిణాది ఉక్కును 1790ల్లో లండన్‌కు పట్టుకపోయి పరీక్షించిండ్రు. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి దాని మీద వ్యాసం ఇచ్చిండు. 1820 చుట్టుపక్కల మైకేల్ ఫారడే కత్తుల వ్యాపారి స్టోడార్ట్‌తో కలిసి దాన్ని మళ్లీ తయారుచేయడానికి ఏండ్లు పనిచేసిండు. వర్జీనియాకు లండన్ నుంచి ఉక్కు పోతుంటే, లండన్ మన ఉక్కు గుట్టు కోసం వెతుకుతుండె.

ఇక తాతయ్య గారి గింజల సంగతి. కోస్తాల మేర అంటరు, మా దిక్కు బలూత. ఏడాదంతా నాగలి, కర్రు, కొడవలి చూసుకుంటే కళ్లంలో వంతు కొలుస్తరు. పంట బాగుంటే ఎక్కువ, పోతే కమ్మరికీ పోయినట్టే. వర్జీనియా కమ్మరి పని పనికీ రాసుకున్నడు, ఇవ్వనోణ్ని కోర్టుకు లాగిండు, నచ్చకపోతే ఇంకో ఊరికి పోయిండు. మా తాతలకు ఊరు కట్టేసి ఉంటది. ఎవరి పనీ కాదనేది లేదు. పైగా నిజాం కాలంలో పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్ ఇళ్లకు ఉచితంగా పనిముట్లు చేసి ఇచ్చే వెట్టి వేరే. బలూత గురించి అందరూ ప్రేమగా మాట్లాడుతరు, కొలిచినోళ్ల మనవలే ఎక్కువ మాట్లాడుతరు.

#18 | నిద్రపట్టనివాడు

చివరి వాక్యం చూసి తాతయ్య గారికి ఫోన్ ఇవ్వకండి అక్కా.

#19 | నిర్వాహకులు

ఏ కులం ఎక్కువ, ఎవరి పురాణంలో ఎవరు ముందు అంటూ వచ్చిన పదకొండు పోస్టులు తీసేశాం. కొలిమిగడ్డ గారి కుటుంబం మీద వెటకారం చేసిన సభ్యుడికి వారం పాటు ఇక్కడ రాసే వీలు లేదు. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే పోనివ్వండి.

#20 | గోదారోడు

కొలిమిగడ్డ అన్నా, ఒక డౌటు. వర్జీనియాలో పాత ఇనుము పారేసేవాళ్లు కాదంటారు కదా. ఇక్కడ మీ వైపు ఇప్పుడు కొడవలికి ఉక్కు ఎక్కడిది?

#21 | కొలిమిగడ్డ

లారీ కమాన్ పట్టీలు తమ్మీ. పాత సామాన్ల షాపులో కిలోల లెక్కన తెస్తం. మంచి ఉక్కు, పదును నిలుస్తది. ట్రాక్టర్ బేరింగుల ఉక్కు ఇంకా గట్టిది, కానీ తీరు తెలవకపోతే దాగలి మీదనే పగులుతది. అక్కడ వాళ్లు అరిగిన ఆకురాళ్లను మళ్లీ వాడేవాళ్లు, అవి మొత్తం ఉక్కే కాబట్టి కత్తులకు, ఉలులకు పనికొచ్చేవి. మా నాన్న కూడా ఆకురాయి పారేయనిచ్చేవాడు కాదు.

#22 | రిచ్‌మండ్_అమ్మ

మావాడు చార్టులో లాడం కొట్టేసి మేకు గీశాడు. టీచర్‌కు మెయిల్ పెట్టి బానిస పిల్లల సంగతి కూడా రాయొచ్చా అని అడిగాను, తప్పకుండా రాయమన్నారు. "అందరికన్నా ముఖ్యమైన" అన్న మాట ఉంచాలా వద్దా అని ఇంట్లో ఇంకా గొడవ నడుస్తోంది, వాడు ఉంచాలంటాడు, వాళ్ల నాన్న మాస్టారి పార్టీ.

ఈ శనివారం ఎక్కడికైనా తీసుకెళ్దామనుకుంటున్నాం. విలియమ్స్‌బర్గ్ గంట దూరం. ఫాలింగ్ క్రీక్‌లో చూడటానికి ఏమైనా ఉందా?

#23 | పాతకాగితం

ఫాలింగ్ క్రీక్ రూట్ 1 పక్కనే, చిన్న పార్కు. పెద్దగా ఏదో ఉంటుందని ఆశపెట్టి తీసుకెళ్లకండి. వాగు, రాళ్లు, బోర్డులు, అంతే. గేబ్రియల్ మనుషులు కలుసుకున్న యంగ్స్ స్ప్రింగ్ వైపు చూడాలంటే రిచ్‌మండ్‌లోనే బ్రయాన్ పార్కుకు వెళ్లండి. ఈ రెండూ ఒక పూటలో అయిపోతాయి.

విలియమ్స్‌బర్గ్‌కు మాత్రం వేరే రోజు పెట్టుకోండి, ఉదయాన్నే వెళ్లండి, మధ్యాహ్నానికి కొలిమి దగ్గర జనం నిండిపోతారు. అక్కడ పనిచేసేవాళ్లు వేషం వేసుకున్న గైడ్లు కాదు, ఏళ్ల తరబడి నేర్చుకున్న కమ్మరులు, పని ఆపకుండానే జవాబు చెబుతారు. మేకు ఎలా చేస్తారని అందరూ అడుగుతారు, అది ఎలాగూ చూపిస్తారు. మీవాణ్ని ఆ కడ్డీ ఎక్కడి నుంచి వచ్చేదో, బొగ్గు ఎవరు కాల్చేవాళ్లో, సమ్మెట పట్టినవాడికి ఏం ఇచ్చేవాళ్లో అడగమనండి. చెప్పింది ఇక్కడ రాయండి.